బొమ్మ ముందా, సొమ్ము ముందా: చేతిబొమ్మల వాయిదా బేరాల చరిత్ర

చేత్తో చేసిన బొమ్మ వెల కొనేవారికి ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది; చేసేవారికి ఎప్పుడూ చాలీచాలనట్టే ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎడం తగ్గించడానికి వర్తకం కనిపెట్టిన ఉపాయాల్లో వాయిదా ఒకటి. మొత్తం ఒక్కసారే ఇవ్వనక్కరలేదు, విడతలుగా ఇవ్వవచ్చు అనే మాట కొనేవారి మీద దయచూపినట్టు వినిపిస్తుంది. కానీ ప్రతి వాయిదా వెనుకా ఎవరో ఒకరు వేచి ఉండక తప్పదు. డబ్బు కోసం అమ్మేవారు వేచి ఉండాలి. లేదా బొమ్మ కోసం కొనేవారు వేచి ఉండాలి. ఇద్దరికీ ఓపిక లేకపోతే, రుసుము పుచ్చుకొని ఆ భారం మోసే మూడో మనిషి మధ్యలోకి రావాలి. చేతిబొమ్మల వాయిదా బేరాల చరిత్ర అంతా ఈ భారం ఎప్పుడు ఎవరి మీద పడిందన్న చరిత్రే.

ఆ చరిత్రను పరిశీలించడానికి అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న అల్ఫారెట్టా పట్టణం అనువైన చోటు. అట్లాంటాకు ఉత్తరాన సుమారు 25 మైళ్ళ దూరంలో ఉన్న ఈ ఊరికి బొమ్మలతోనూ, చెల్లింపులతోనూ చుట్టరికం ఉంది. కార్డు చెల్లింపుల పరిశ్రమ ఎక్కువగా కేంద్రీకృతమై ఉన్నందువల్ల జార్జియాకు 'ట్రాన్సాక్షన్ ఆలీ' అనే పేరు వచ్చింది. ఆ రంగానికి చెందిన ప్రయారిటీ టెక్నాలజీ సంస్థ ప్రధాన కార్యాలయం అల్ఫారెట్టాలోనే ఉంది. ఫైసర్వ్ సంస్థ కార్యాలయమూ ఇక్కడ నెలకొన్నది. ఈ ఊరి నార్త్ పాయింట్ మాల్‌లో 2007లో అమెరికన్ గర్ల్ బొమ్మల దుకాణం తెరిచారు. ఇక్కడి నుంచి జార్జియా 400 రహదారి పట్టుకొని ఉత్తరాన కొండల వైపు గంట పైచిలుకు ప్రయాణిస్తే, క్యాబేజ్ ప్యాచ్ బొమ్మల పుట్టినిల్లు క్లీవ్‌లాండ్ వస్తుంది. వీటన్నిటి నడుమ, దసరా నవరాత్రుల్లో బొమ్మల కొలువు పెట్టుకొనే తెలుగు కుటుంబాలూ ఈ ప్రాంతంలో స్థిరపడ్డాయి. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలకు ఇది దూరదేశపు అంగడి.

మూడు పద్ధతులు

వాయిదా అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పద్ధతులు దాగి ఉన్నాయి. మొదటిది అరువు వాయిదా: సరుకు ముందు చేతికి వస్తుంది, సొమ్ము తరువాత విడతలుగా ముడుతుంది. ఇక్కడ వేచి ఉండేది అమ్మినవారు. రెండవది అమెరికాలో 'లేఅవే' అని పిలిచేది: కొనేవారు కొంత సొమ్ము కట్టి సరుకును పక్కన పెట్టిస్తారు, విడతలన్నీ పూర్తయ్యాకే అది వారి చేతికి వస్తుంది. ఇక్కడ వేచి ఉండేది కొనేవారు. మూడవది తెలుగునాట బయానా అనీ, అచ్చారం అనీ పిలిచేది: సరుకు తయారు కాకముందే దాని కోసం ఇచ్చే ముందస్తు సొమ్ము.

దుకాణంలో సిద్ధంగా ఉన్న సరుకుకు మొదటి రెండు పద్ధతుల మధ్య తేడాయే ముఖ్యం. చేతిబొమ్మ సంగతి అలా కాదు. అది ఆర్డరు మీద తయారవుతుంది. కర్ర, రంగు, గుడ్డ, వెంట్రుకలు ముందే కొనాలి. పని వారాల తరబడి సాగుతుంది. అందువల్ల వాయిదా బొమ్మ తయారీకి ముందు వచ్చిందా, తరువాత వచ్చిందా అన్నది కీలకం. పనికి ముందు వచ్చిన నూరు డాలర్లు చేసేవారికి పెట్టుబడి. పని ముగిశాక మూడు నెలలకు రావలసిన అవే నూరు డాలర్లు చేసేవారు కొనేవారికి ఇచ్చిన అప్పు.

పత్తి చేల నాటి అప్పులు

అల్ఫారెట్టా ఈనాటి రూపం దాల్చకముందు పత్తి పండించే పల్లెసీమ. 1857 చివర ఏర్పడిన మిల్టన్ కౌంటీకి ఇది ముఖ్యపట్టణం. 1858లో పురపాలక ప్రతిపత్తి పొందింది. అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది పత్తి ప్రాంతాలంతటా పంట తాకట్టు పద్ధతి పాతుకుపోయింది. విత్తనం, ఎరువు, తిండిగింజలు, గుడ్డలు అన్నీ రైతు షావుకారు కొట్టులో అరువు తెచ్చుకొనేవాడు. రాబోయే పంటే అందుకు హామీ. నగదు ధర ఒకటి, అరువు ధర మరొకటి. పంట చేతికి వచ్చాక లెక్క చూస్తే ఏటేటా బాకీ మిగిలేది. 1915లో జార్జియాలో అడుగుపెట్టిన కాయతొలుచు పురుగు, ఆ తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యం ఈ వ్యవస్థను కుంగదీశాయి. 1932 ఆరంభంలో మిల్టన్ కౌంటీయే విడిగా నిలవలేక ఫుల్టన్ కౌంటీలో కలిసిపోయింది.

పల్లెల్లో అరువు ఇలా రైతును కట్టివేయడానికి ముందే, పట్టణాల్లో మరో రకం అరువు తలెత్తింది. 1856లో సింగర్ కుట్టుమిషన్ల సంస్థ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్, వంద డాలర్లకు పైబడిన మిషన్‌ను కొద్దిపాటి ముందస్తు సొమ్ముకే ఇంటికి పంపి, మిగిలినది నెలవారీగా వసూలు చేసే పద్ధతి ప్రవేశపెట్టాడు. మిషన్ ఇంట్లో ఉంటే దానితో కుట్టి సంపాదించవచ్చు. ఆ సంపాదనతో వాయిదా కట్టవచ్చు. బొమ్మ అలాంటిది కాదు. అది తన వాయిదాను తాను సంపాదించి పెట్టదు. కాబట్టి బొమ్మల వంటి మురిపెపు వస్తువులకు లేఅవే పద్ధతే ఎక్కువగా అతికింది.

లేఅవే 1930ల మాంద్యంలో విస్తరించింది. అప్పు ఇచ్చేవారు లేరు, ఒక్కసారిగా పెట్టడానికి డబ్బు లేదు. వారం వారం కొద్దికొద్దిగా కట్టి క్రిస్మస్ నాటికి పిల్లల బొమ్మను విడిపించుకొనేవారు. తెలుగువారికి ఈ పద్ధతి మరో వేషంలో బాగా తెలుసు. నగల దుకాణాల్లో పదకొండు నెలలు వాయిదాలు కట్టి, ఆపైన బంగారం తీసుకొనే పథకాల సారం ఇదే. ఆ లెక్క పదకొండు దగ్గర ఆగడం వెనుక చట్టమూ ఉంది: సరుకు కోసం తీసుకున్న ముందస్తు సొమ్మును 365 రోజుల్లోగా సరుకుకు జమకట్టకపోతే, కంపెనీలు దానిని డిపాజిట్‌గా పరిగణించాలని భారతదేశపు 2014 నాటి నిబంధనలు చెబుతాయి. అంటే ముందుగా సొమ్ము ఇచ్చి వేచి ఉండేవారికి రక్షణ కావాలని అక్కడి చట్టం గుర్తించింది.

క్లీవ్‌లాండ్ బొమ్మలు చెప్పే కథ

ఉత్తర జార్జియా కొండల్లో చేతిబొమ్మ పెద్ద వ్యాపారంగా మారిన కథకు మూలం జార్జియాలో లేదు. 1970లలో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌కు చెందిన మార్తా నెల్సన్ థామస్ అనే కళాకారిణి గుడ్డతో, దూదితో, సూదిదారాలతో ముఖకవళికలు తీర్చి 'డాల్ బేబీస్' అనే బొమ్మలు చేసేది. ఏ రెండూ ఒకేలా ఉండేవి కావు. ఆమె వాటిని చేతిపనుల సంతల్లో అమ్మేది. జార్జియాలోని యునికోయ్ స్టేట్ పార్కు దుకాణం చూసుకుంటున్న జేవియర్ రాబర్ట్స్ అనే యువకుడు ఆ బొమ్మలను చూసి, తన దుకాణంలో అమ్మకానికి తెప్పించాడు. వెల విషయంలో ఇద్దరికీ పొసగక ఆమె సరఫరా ఆపివేసింది. ఆ తరువాత రాబర్ట్స్ అదే తరహాలో సొంత బొమ్మలు తయారు చేయించాడు. 1978లో తోటివారితో కలిసి సంస్థ స్థాపించి, క్లీవ్‌లాండ్‌లోని ఒక పాత వైద్యశాల భవనాన్ని 'బేబీల్యాండ్ జనరల్ హాస్పిటల్' పేరిట బొమ్మల దుకాణంగా మార్చాడు. అక్కడ బొమ్మను కొనరు, దత్తత తీసుకుంటారు. చెల్లించేది వెల కాదు, దత్తత రుసుము. థామస్ వేసిన దావా 1980ల నడుమ కోర్టు బయట రాజీతో ముగిసింది.

1982లో కొలెకో సంస్థ ఆ బొమ్మలను కర్మాగారంలో తయారుచేసే హక్కు పొందింది. 1983 క్రిస్మస్‌కు దుకాణాల్లో జనం తొక్కిసలాడుకున్నారు. ఆ ఏడాది చివరికి సుమారు 30 లక్షల బొమ్మలు అమ్ముడుపోయాయి. కర్మాగారపు బొమ్మ వెల 30 డాలర్ల లోపే. క్లీవ్‌లాండ్‌లో చేత్తో కుట్టిన బొమ్మల రుసుము అంతకు ఎన్నో రెట్లు. 1988లో కొలెకో దివాలా తీసింది. చేతిబొమ్మల తయారీ మాత్రం క్లీవ్‌లాండ్‌లో కొనసాగింది.

వాయిదా బేరానికి సంబంధించి ఈ కథలో రెండు పాఠాలున్నాయి. మొదటిది: సరుకు వేరొకరి అంగడిలో ఉన్నప్పుడు వెల మీదా, చెల్లింపు షరతుల మీదా చేసేవారికి పట్టు ఉండదు. థామస్‌కు మిగిలిన ఒకే ఆయుధం సరఫరా ఆపడం. అదీ ఆమెను కాపాడలేదు. రెండవది: కర్మాగారపు బొమ్మకూ చేతిబొమ్మకూ లేఅవే ఒకేలా పనిచేయదు. కొనేవారు మధ్యలో మానుకొంటే కర్మాగారపు బొమ్మ తిరిగి అలమరలోకి వెళుతుంది, మరునాడు ఇంకొకరు కొంటారు. ఒకరు కోరిన కళ్ళు, జుట్టు, పేరు పెట్టి చేసిన బొమ్మ అలా తిరిగిపోలేదు. వాయిదా తప్పితే పెద్ద దుకాణానికి పోయేది కాస్త చోటు, కాస్త సమయం. చేతిబొమ్మ చేసినవారికి పోయేది నెల రోజుల జీవితం.

నాలుగు వాయిదాల గీత

పెద్ద దుకాణాల్లో లేఅవే వైభవం క్రెడిట్ కార్డుల రాకతో తగ్గింది. వాల్‌మార్ట్ 2006 చివర దానిని ఆపివేసింది. మాంద్యపు దెబ్బ తగిలాక 2011లో పండుగ రోజులకు తిరిగి తెచ్చింది. 2021లో దాన్ని వదిలి అఫర్మ్ సంస్థ ఇచ్చే వాయిదా రుణం వైపు మళ్ళింది. వేచి ఉండే వంతు ఇక్కడ తలకిందులైంది. లేఅవేలో సరుకు కోసం కొనేవారు ఆగేవారు. కొత్త పద్ధతిలో సరుకు వెంటనే వస్తుంది, అప్పు వెనక వస్తుంది.

ఈ కొత్త పద్ధతుల్లో 'నాలుగు వాయిదాలు' అన్న లెక్క తరచుగా కనిపించడం కాకతాళీయం కాదు. 1968 నాటి అమెరికా రుణసత్య చట్టం కింద చేసిన నిబంధనల ప్రకారం, వడ్డీ లేకపోయినా సరే, నాలుగు కంటే ఎక్కువ వాయిదాల్లో తీర్చే అరువుకు రుణ వివరాల ప్రకటన తప్పనిసరి. వడ్డీని వెలలోనే కలిపి దాచే వ్యాపారులను పట్టుకోవడానికి పెట్టిన ఈ గీతను సుప్రీంకోర్టు 1973లో సమర్థించింది. తరువాతి తరం సంస్థలు తమ పథకాలను సరిగ్గా ఆ గీతకు ఇవతల, నాలుగు దగ్గర నిలిపాయి.

చేతిబొమ్మలు అమ్మేవారికి ఈ పద్ధతిలో ఒక మేలుంది: మధ్యవర్తి సంస్థ సొమ్మును ముందుగా ఇచ్చివేస్తుంది, వసూలు భారం తనమీద వేసుకొంటుంది. అందుకు అమ్మకంలో కొంత శాతం రుసుముగా మినహాయించుకొంటుంది. అది సాధారణ కార్డు రుసుము కంటే ఎక్కువ. కొనేవారికి 'వడ్డీ లేని వాయిదా' అని చెప్పే మాటలోని వడ్డీ ఇలా అమ్మినవారి ఆదాయం నుంచి పోతుంది. వేచి ఉండటానికి ధర తీరిపోలేదు. దాన్ని ఎవరు చెల్లిస్తున్నారో కనబడకుండా పోయిందంతే.

బయానా పెట్టుబడీ, పలుపుతాడూ

ముందస్తు సొమ్ము చేసేవారికి పెట్టుబడి అయితే, బయానాయే అందరికీ న్యాయమైన పద్ధతి అని తోచవచ్చు. తెలుగునాట చేతిపనుల చరిత్ర ఆ తీర్పును అంత తేలికగా ఒప్పుకోదు. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమైన తరువాత, ఇంజరం, మాధవాయపాలెం వంటి కేంద్రాల ద్వారా నేతగాళ్ళకు ముందస్తు సొమ్ము ఇచ్చి బట్ట నేయించేవారు. ఆ సొమ్ముతో నూలు కొనగలిగేవారు. కానీ బాకీ తీరేదాకా బట్టను ఇతరులకు అమ్ముకొనే స్వేచ్ఛ పోయేది. వెల నిర్ణయించేదీ, నాసిరకమని తిరస్కరించేదీ సొమ్ము ఇచ్చినవాడే. ఒకే చేతిలో ముందస్తు సొమ్ము, వెల నిర్ణయం, నాణ్యత తీర్పు మూడూ ఉన్నప్పుడు బయానా పలుపుతాడవుతుంది. జార్జియా రైతు మెడకు పంట తాకట్టు ఎలా బిగిసిందో, కోస్తా నేతగాడి మెడకు బయానా అలాగే బిగిసింది.

కొండపల్లి బొమ్మ తయారయ్యే తీరు చూస్తే ముందస్తు సొమ్ము అవసరమూ, దాని ప్రమాదమూ రెండూ అర్థమవుతాయి. తెల్లపొనికి కర్రను తెచ్చి తేమ పోయేదాకా ఆరబెట్టాలి. తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతకాలి. నునుపు తీసి, సుద్ద పూత వేసి, ఆరాక రంగులు దిద్దాలి. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి ఏదైనా ఈ మెట్లన్నీ దాటాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి లక్కపూత పూస్తారు. సహజ రంగుల పునరుద్ధరణకు కృషి చేసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఈ పనుల్లో ఖర్చు మొదటి రోజునే మొదలవుతుంది, ఆదాయం చివరి రోజున వస్తుంది. ఆ మధ్యకాలం గడవడానికి సొమ్ము ఎవరిస్తే, బేరంలో పైచేయి వారిదే అవుతుంది. సహకార సంఘాలూ, లేపాక్షి వంటి ప్రభుత్వ విక్రయశాలలూ పుట్టడానికి ఒక కారణం ఇదే: దళారి చేతి నుంచి కొంత పట్టును తప్పించడం.

ఈనాటి బేరం

ఇప్పుడు అమెరికాలో చేత్తో చేసిన సేకరణ బొమ్మలు అమ్మేవారిలో చాలామంది ఇంటి నుంచే పనిచేసే ఒంటరి కళాకారులు. నిజమైన పసిపాపలను తలపించే 'రీబార్న్' బొమ్మలు ఇందుకు మంచి ఉదాహరణ. 1990లలో పుంజుకొన్న ఈ కళలో రంగును పలుచని పొరలుగా వేసి వేడిలో గట్టిపరుస్తారు. అంగోరా మేక వెంట్రుకలను ఒక్కొక్కటిగా సూదితో తలలో నాటుతారు. వెల వందల డాలర్లతో మొదలై వేలకు చేరుతుంది. ఇక్కడ లేఅవే మామూలు ఆచారం: తిరిగి ఇవ్వని ముందస్తు సొమ్ము కొంత, ఆపైన నెలవారీ విడతలు, చివరి విడత ముట్టాకే బొమ్మ పంపకం.

చరిత్ర చూపిన మూడు ప్రశ్నలను ఇలాంటి బేరానికి వేసి చూడవచ్చు. వేచి ఉండేది ఎవరు? వెల నిర్ణయం ఎవరిది? బేరం మధ్యలో చెడితే బొమ్మ ఎవరి దగ్గర, సొమ్ము ఎవరి దగ్గర ఉంటాయి? ఉదాహరణకు 600 డాలర్ల బొమ్మ అనుకొంటే, పని మొదలుపెట్టే ముందు 200, పూర్తయిన బొమ్మ ఫొటో చూపాక 200, పంపే ముందు 200 అనే అమరిక రెండు వైపులా సమతూకంగా ఉంటుంది. మొదటి విడత ముడిసరుకుకు సరిపోతుంది. రెండవది కొనేవారికి పని జరిగిందన్న రుజువు చూపి తీసుకొన్నది. మూడవది చేతికి రాకుండా బొమ్మ గడప దాటదు. ఈ మూడింటిలో ఏదీ అప్పు కాదు.

చిక్కులు కాలవ్యవధిలో వస్తాయి. పేపాల్ ద్వారా కట్టిన సొమ్ము మీద ఫిర్యాదు చేయడానికి కొనేవారికి చెల్లించిన నాటి నుంచి 180 రోజుల గడువు ఉంటుంది. పది నెలల లేఅవేలో బొమ్మ చేతికి వచ్చేసరికి తొలి విడతలపై ఆ రక్షణ దాటిపోతుంది. కాబట్టి సుదీర్ఘ వాయిదా కొనేవారికి వెసులుబాటుగా కనిపించినా, వారి రక్షణను తగ్గిస్తుంది. ఆరు నెలలలోపు ముగిసే పథకం ఇద్దరికీ క్షేమం. మానుకొంటే ఎంత తిరిగి వస్తుందన్నది మొదటి విడతకు ముందే రాతపూర్వకంగా ఉండాలి. అందులోనూ ఇతరులకు అమ్మదగిన బొమ్మకూ, పేరూ పోలికా కోరి చేయించుకొన్న బొమ్మకూ నియమం వేరుగా ఉండటం న్యాయం.

కొండపల్లి నుంచి అల్ఫారెట్టాకు కొలువు బొమ్మలు తెప్పించుకొనేవారికి మరో లెక్క తోడైంది. 800 డాలర్లలోపు దిగుమతులకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి రద్దయింది. ఆ సమయంలో భారత తపాలా శాఖ అమెరికాకు చాలా రకాల పార్సిళ్ళ స్వీకరణను తాత్కాలికంగా నిలిపివేసింది. దసరా ముంగిట జరిగిన ఈ మార్పు ఒక సంగతి స్పష్టం చేసింది: మొదటి విడతకూ చివరి విడతకూ మధ్య సుంకం మారితే ఆ తేడా ఎవరు భరించాలో ముందే తేల్చుకోకపోతే, అది చివరికి బేరమాడే శక్తి లేనివారి నెత్తిన పడుతుంది.

ఇన్ని శతాబ్దాల అనుభవం చెప్పేది వాయిదా మంచిదనో, చెడ్డదనో కాదు. షావుకారు అరువు, కంపెనీ బయానా, మాంద్యం నాటి లేఅవే, తెరమీది నాలుగు వాయిదాలు అన్నీ ఒకే అవసరం నుంచి పుట్టినవి. చేసేవారికి పనికి ముందు సొమ్ము అందుతూ, వెల చెప్పే హక్కు వారి దగ్గరే ఉండి, బాకీ లేకుండా ఇంకొకరికి అమ్ముకొనే దారి తెరిచి ఉన్నంతవరకు వాయిదా చేతిపనికి ఊతం. ఈ మూడింటిలో ఏది తప్పినా, చేతిబొమ్మను కొనేవారు తమకు తెలియకుండానే ఆ బొమ్మ చేసినవారికి బాకీపడతారు. వెల మీద గీచి గీచి బేరమాడటం కంటే మొదటి విడత ముందుగా పంపడం ఆ చేతులకు ఎక్కువ మేలు చేస్తుంది.